మాటలలోనుండి పుట్టిన లోకము

కథ చెప్పువాడు సాధారణముగ ముందు కథను ఊహించుకొనును. పిదప అందలి మనుష్యులకు, ఊళ్లకు పేర్లు పెట్టుకొనును. ఇట్లుగాక, ముందు మాటలను కల్పించి, ఆ మాటలను పలుకుటకు మనుష్యులను కల్పించి, ఆ మనుష్యులు నివసించుటకు కొండలను, నదులను కల్పించి, కట్టకడపట కథ చెప్పిన రచయిత ఒకడు కలడు. ఆయన పేరు జాన్ రోనాల్డ్ రూయెల్ టోల్కీన్. ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ అను ఆయన గ్రంథమును చదువనివారు సైతము దాని ఆధారముగ 2001 మొదలు 2003 వరకు వెలువడిన మూడు చలనచిత్రములను చూచియుందురు. వానిలోని యుద్ధములును, రాక్షసమూకలును కన్నులకు కట్టినట్లు కనబడును. కాని ఆ వేడుకకంతకును మూలము ఒక భాషాపండితుని వ్రాతబల్లపై నున్న వ్యాకరణపు కాగితములే యని చెప్పిన విద్యార్థులు సులభముగ నమ్మరు. వ్యాకరణమనగానే మొగము ముడుచుకొను బాలబాలికలకు ఈ వృత్తాంతము తప్పక తెలియవలెను.

టోల్కీన్ 1892వ సంవత్సరము జనవరి 3వ తేదీన దక్షిణాఫ్రికాలోని బ్లూమ్‌ఫాంటేన్ నగరమున జన్మించెను. తండ్రి ఆర్థర్ అచ్చట ఒక బ్యాంకులో ఉద్యోగి. ఆ దేశపు ఎండలు పిల్లవానికి సరిపడకుండుటచే తల్లి మేబెల్ 1895లో ఇరువురు కుమారులను వెంటబెట్టుకొని ఇంగ్లండునకు వచ్చెను. తండ్రి కొంతకాలమునకు వచ్చి కలిసికొనవలసియుండెను. రాలేదు. 1896లో ఆయన జ్వరపీడితుడై ఆఫ్రికాలోనే కన్నుమూసెను. చేతిలో చాలినంత సొమ్ములేని మేబెల్ బర్మింగ్‌హామ్ నగరపు పొలిమేరనున్న సేర్‌హోల్ అను పల్లెలో ఇల్లు అద్దెకు తీసికొని, పిల్లలకు తానే చదువు చెప్పసాగెను. లాటిన్, ఫ్రెంచి, జర్మను భాషలకు తొలి ఓనమాలు ఆ బాలుడు తల్లియొద్దనే దిద్దెను. చెట్లను, చేమలను గుర్తించి బొమ్మలు గీయుట నేర్పినదియు ఆమెయే. ఆ పల్లెలో నీటి బలముచే తిరుగు పిండిమర యొకటి యుండెను. మరయు, ఏరును, చెట్లును గల ఆ ఊరే తరువాతికాలమున హాబిట్లు నివసించు సీమకు నమూనా అయినది.

ఏడేండ్ల వయస్సున ఆ బాలుడు ఒక డ్రాగనును గూర్చి, అనగా ఆ దేశపు కథలలో కనబడు రెక్కల మహాసర్పమును గూర్చి, చిన్న కథ వ్రాసి తల్లికి చూపెను. ఆమె కథమాట ఎత్తక, ‘పచ్చని పెద్ద’ అనరాదు, ‘పెద్ద పచ్చని’ అనవలెనని మాత్రము దిద్దెను. ఆంగ్లమున పరిమాణమును తెలుపు విశేషణము ముందును, రంగును తెలుపునది వెనుకను రావలెను. మన భాషలో పచ్చని పెద్ద చెట్టన్నను, పెద్ద పచ్చని చెట్టన్నను అంతగా పట్టించుకొనువారు లేరు. వేరొక బాలుడైనచో దిద్దుబాటును అంగీకరించి మరచియుండును. ఇతడు మాత్రము అట్లేల అనరాదని ఆలోచింపసాగెను. వృద్ధుడైన పిదపకూడ, ఆ కథలో ఏమి జరిగెనో మరచితిని గాని ఆ దిద్దుబాటును మరువలేదని ఆయన చెప్పుకొనెను. ఉపాధ్యాయులు తమ ఎఱ్ఱసిరా గీతలు విద్యార్థి మనస్సున ఎక్కడ నాటుకొనునో తెలియక గీయుచుందురు. ఈ గీత మంచి నేలలో పడినది.

ఆ తల్లియు ఎక్కువకాలము బ్రతుకలేదు. 1900లో ఆమె కాథలిక్ సంప్రదాయమును స్వీకరింపగా బంధువులు కినిసి ధనసహాయమును మానుకొనిరి. ఆమెకు మధుమేహవ్యాధి సోకెను. దానికి ఇన్సులిన్ అను మందు 1922లో గాని రోగులకు అందలేదు. 1904లో, ముప్పదినాలుగేండ్ల ప్రాయమున, ఆమె మరణించెను. పండ్రెండేండ్ల టోల్కీనును, అతని తమ్ముని ఫ్రాన్సిస్ మోర్గన్ అను మతాచార్యుడు తన రక్షణలోనికి తీసికొని చదివించెను.

బాల్యమునందే మరియొక సంగతి జరిగినది. బర్మింగ్‌హామ్‌లో కొంతకాలము వారు కాపురమున్న ఇంటివెనుక రైలుమార్గముండెను. వేల్సు ప్రాంతపు గనులనుండి వచ్చు బొగ్గుబండ్ల ప్రక్కలపై ఆ ఊళ్ల పేర్లు వ్రాయబడియుండెను. వానిని ఎట్లు పలుకవలెనో ఆ బాలునికి తెలియదు, అర్థమును తెలియదు. అయినను ఆ అక్షరములు అతని మనస్సును పట్టుకొన్నవి. అర్థము తెలియకమునుపే శబ్దమును ప్రేమించుట చిత్రమైన గుణము. మన పిల్లలు తాత్పర్యము తెలియని పద్యమును రాగముకొలది నేర్చి మురియునప్పుడు ఈ గుణమే కొంత పొడచూపును. పెద్దవారమైన కొలది దానిని పోగొట్టుకొందుము. టోల్కీన్ పోగొట్టుకొనలేదు.

పాఠశాలలో లాటిన్, గ్రీకు భాషలు చాలక ఇతడు ప్రాచీనాంగ్లమును చదివెను. తోటి విద్యార్థి యొకడు తనకు పనికిరాదని అమ్మివేసిన గోథిక్ భాషా వ్యాకరణమొకటి ఇతని చేతికి వచ్చెను. గోథిక్ ఏనాడో నశించిన భాష. బైబిలు అనువాదములోని కొన్ని భాగములు తప్ప దానిలో మిగిలినది బహుస్వల్పము. మిగిలిన మాటలను చూచి, మిగులని మాటలు ఎట్లుండెడివో ఊహించి కల్పించుట ఇతనికి ఆట అయ్యెను. ఆ వ్యాకరణమును రచించిన జోసెఫ్ రైట్ అను పండితుని గూర్చి రెండు మాటలు చెప్పక ముందుకు సాగలేను. ఆయన నిరుపేద. చిన్ననాటనే మిల్లులో కూలికి కుదిరెను. పదునైదేండ్లు వచ్చువరకు చదువను వ్రాయను రానివాడు. అట్టివాడు రాత్రివేళల చదువుకొని, ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున భాషాశాస్త్రాచార్యుడై, ఇంగ్లండు పల్లెటూళ్ల మాటలకు ఆరు సంపుటముల నిఘంటువును కూర్చెను. 1911లో టోల్కీన్ ఆక్స్‌ఫర్డు చేరినప్పుడు ఆయనయే గురువయ్యెను.

ఇచ్చట ఆ శాస్త్రమును గూర్చి కొంచెము తెలిసికొననిదే టోల్కీన్ చేసినపని బోధపడదు. తెలుగున ‘చెవి’ అనునది కన్నడమున ‘కివి’. మన ‘చేయి’ తమిళ కన్నడములు రెంటను ‘కై’. మన ‘చిలుక’ తమిళులకు ‘కిళి’. మూడుచోట్లను వారికి కకారమున్న స్థానమున మనకు చకారమున్నది. ఇది కాకతాళీయము కాదు. పూర్వము ఒక్కటిగ నుండిన భాష చీలిపోయిన తరువాత, తెలుగువారి నోట ఇ, ఎ వంటి అచ్చులకు ముందున్న కకారము చకారముగ మారినది. ఇట్టి మార్పులు తోచినట్లు జరుగవు. నియమము ననుసరించి జరుగును. తెలుగు, తమిళము, కన్నడము ఒకే కుటుంబమునకు చెందినవని 1816లో మదరాసున ఎల్లిస్ దొర చూపినదియు ఇట్టి పోలికల మార్గముననే. నేటి మాటలను ప్రక్కప్రక్కన పేర్చి, వెనుకకు నడచి, పోయిన మూలరూపమును పట్టుకొనుట భాషాశాస్త్రజ్ఞుల పద్ధతి.

టోల్కీన్ ఈ పద్ధతిని తలక్రిందు చేసెను. ఆయన ముందుగా మూలభాషనొకదానిని కల్పించెను. ఉచ్చారణ మార్పులకు నియమములను ఏర్పరచి, దానినుండి రెండు భాషలను దింపెను. క్వెన్యా అను దానికి ఫిన్లండు భాష నాదమును, సిందరిన్ అను దానికి బాల్యమున బొగ్గుబండ్లపై చూచిన వేల్సు భాష నాదమును ఇచ్చెను. చెట్టునకు మూలభాషలో ‘గలదా’ అను మాట యుండెననుకొనుడు. క్వెన్యాలో మొదటి గకారము జారి, నడిమి అచ్చు పోయి, ‘ఆల్దా’ అయ్యెను. సిందరిన్‌లో గకారము నిలిచి, చివరి అచ్చు రాలి, ‘గలద్’ అయ్యెను. లేని భాషలకు ఇంత నియమమేల యని అడుగవచ్చును. నియమము లేనిచో అది భాష కాదు, గొణుగుడు మాత్రమే యని ఆయన అభిప్రాయము.

అయితే భాష యుండవలెనన్న మాటలాడువారుండవలెను. వారికి పూర్వచరిత్ర యుండవలెను. ఎవరి నోటను పలుకని భాష కాగితపు పువ్వు వంటిదని ఆయనకు తోచెను. 1914లో ఒక ప్రాచీనాంగ్ల కావ్యమున ‘ఎఆరెండెల్’ అను మాట ఆయనకు తగిలెను. అది ఒక ప్రకాశవంతమైన తారకకు పేరు. ఆ శబ్దము ఆయనను నిలువనీయలేదు. ఆ పేరుగల నావికుడు ఆకాశమున ఓడ నడుపుచున్నట్లు భావించి ఒక గీతము వ్రాసెను. ఆయన లోకమునకు అదియే తొలి ఇటుక.

అంతలో మొదటి ప్రపంచయుద్ధము వచ్చెను. 1916 మార్చిలో టోల్కీన్ తాను చిరకాలముగ ప్రేమించిన ఎడిత్ బ్రాట్‌ను వివాహమాడెను. జూన్‌లో ఫ్రాన్సు రణరంగమునకు పోయెను. పాఠశాలనాటినుండి ఇతనికి ప్రాణమిత్రులు మువ్వురుండిరి. టీ త్రాగుచు, కవిత్వము చదువుకొనుచు, తాము లోకమునకు ఏదో గొప్ప మేలు చేయవలెనని కలలుగన్నవారు. జూలై 1వ తేదీన సోమ్ నది యుద్ధము మొదలయ్యెను. ఆ ఒక్కనాడే బ్రిటిషు సైనికులు 19 వేలకు పైగ మరణించిరి. వారిలో రాబ్ గిల్సన్ ఒకడు. రెండవ మిత్రుడు జెఫ్రీ స్మిత్ గుండుముక్క తగిలిన గాయము విషమించి డిసెంబరులో మరణించెను. స్మిత్ అంతకు కొన్ని నెలల ముందు టోల్కీనునకు ఒక జాబు వ్రాసియుండెను. తాను చనిపోయినను, తామందరు కలిసి కన్న కలను చెప్పుటకు మిగిలినవారిలో ఒకడైనను ఉండునన్న ధైర్యము తనకున్నదని దాని భావము. ఇరువదినాలుగేండ్ల యువకునికి ఇది ఎంతటి బరువో ఆలోచింపుడు.

టోల్కీన్ బ్రతికి వచ్చుటకు కారణము శౌర్యము కాదు, పేను. కందకములలో పేల మూలమున వ్యాపించు జ్వరము సోకి ఆయన నవంబరులో ఇంగ్లండునకు పంపబడెను. ఆస్పత్రి పడకపైననే ఎల్ఫులనెడి అమరజాతి కథలను వ్రాయ మొదలిడెను. క్వెన్యా, సిందరిన్ భాషలకు మాటలాడువారు దొరికిరి. 1917లో యార్కుషైరు ప్రాంతపు రూస్ అను గ్రామమువద్ద, తెల్లని పూలు పూచిన తోపులో ఎడిత్ ఆయన కొరకు నాట్యమాడెను. ఆ దృశ్యమునుండి, అడవిలో నాట్యమాడు లూతియెన్ అను ఎల్ఫు రాకుమారిని బెరెన్ అను మానవుడు ప్రేమించిన కథ పుట్టెను.

యుద్ధానంతరము ఆయన ఆక్స్‌ఫర్డు మహానిఘంటువు కార్యాలయమున డబ్ల్యూ అక్షరముతో మొదలగు కొన్ని మాటల వ్యుత్పత్తులను పరిశోధించెను. ‘వాల్రస్’ అను ఒక్క మాటకు పలుమారులు వ్రాసి కొట్టివేసిన చిత్తుప్రతులు నేటికిని ఉన్నవి. పిదప లీడ్సు విశ్వవిద్యాలయమునకును, 1925లో ఆచార్యుడై ఆక్స్‌ఫర్డునకును వచ్చెను. నలుగురు బిడ్డలుగల సంసారము, జీతము చాలదు. అందుచే వేసవి సెలవులలో పాఠశాల పరీక్షల జవాబుపత్రములు దిద్ది కొంత ఆర్జించుచుండెను. ఆ కట్టల ముందు కూర్చున్న ఉపాధ్యాయులకే ఆ బాధ తెలియును. 1930 ప్రాంతమున ఒకనాడు అట్లు దిద్దుచుండగా, ఏ పుణ్యాత్ముడో ఒక పుటను ఖాళీగ విడిచెను. ఆ ఖాళీ పుట చూచిన ఆనందమున టోల్కీన్ దానిపై, హాబిట్ అను ప్రాణి బొరియలో కాపురమున్నట్లు ఒక వాక్యము వ్రాసెను. హాబిట్ అననేమో ఆయనకే తెలియదు. మాట ముందు వచ్చినది. ప్రాణి తరువాత వచ్చినది. మనుష్యునిలో సగమెత్తు, అరికాళ్లు మొద్దుబారిన పాదములు, ఆరుపూటల భోజనమునందును తోటపనియందును ప్రీతి, సాహసమన్న భయము, ఇవి ఆ జాతి లక్షణములు.

ఈ కథను ఆయన రాత్రులు తన పిల్లలకు చెప్పుచుండెను. మూడవ కుమారుడు క్రిస్టఫర్, నాలుగైదేండ్ల పసివాడు, మొన్న తలుపు రంగు నీలమంటివి, నేడు పచ్చనంటివేమని తండ్రిని నిలదీసెడివాడట. తండ్రి గొణుగుకొనుచు లేచిపోయి ఆ తప్పును వ్రాసికొనెడివాడు. పుస్తకము వ్రాతప్రతి ప్రచురణకర్త స్టాన్లీ అన్విన్ వద్దకు చేరగా, ఆయన దానిని పదేండ్ల తన కుమారుడు రేనర్ చేతికిచ్చి అభిప్రాయమడిగెను. ఆ బాలుడు బాగున్నదని వ్రాసియిచ్చి ఒక షిల్లింగు ప్రతిఫలము పుచ్చుకొనెను. 1937 సెప్టెంబరు 21న 1500 ప్రతులతో ‘హాబిట్’ వెలువడెను. క్రిస్మసు నాటికి అన్నియు చెల్లెను.

మరుసటి యేడు జరిగినదానిని నేను ఆయన జీవితమునందెల్ల ముఖ్యమైన ఘట్టముగ భావింతును. హిట్లరు ఏలుబడిలోనున్న జర్మనీనుండి ఒక ప్రచురణసంస్థ ‘హాబిట్’ను అనువదింపనెంచి, తాము ఆర్యజాతివారేనా యని రచయితను అడిగెను. జర్మనీలో పుస్తకము వచ్చిన ధనము వచ్చును, ధనము అవసరమే. టోల్కీన్ రెండు విధములుగ జాబులు వ్రాసి, ఏది పంపవలెనో ప్రచురణకర్తకు విడిచెను. వానిలో నిలిచియున్న జాబున ఆయన కోపము ఒక మాటమీదనే కేంద్రీకృతమైనది. ‘ఆర్య’ అను మాట భారతదేశపు, పారసీకదేశపు భాషలవారికి చెందినది. తన పూర్వులలో ఎవ్వరును హిందూస్థానీగాని, పారశీకముగాని, వాని సంబంధపు భాషలుగాని మాటలాడినట్లు తానెరుగనని జవాబిచ్చెను. తాను యూదుడనా యని అడుగదలచినచో, అంతటి ప్రతిభగల జాతిలో తన పూర్వులెవ్వరును లేకపోవుట విచారకరమనియు వ్రాసెను. మన సంస్కృతమునందలి ఒక మాటను లాగికొనిపోయి, దానితో మనుష్యులను చంపు కత్తి చేసినవారికి, ఆ మాట అర్థము తెలిసిన పండితుడు చెప్పిన పాఠమది. ‘హాబిట్’ జర్మనులో 1957లో గాని వెలువడలేదు.

‘హాబిట్’కు తరువాయి కావలెనని ప్రచురణకర్త కోరగా 1937 డిసెంబరులో ఆయన ఆరంభించిన గ్రంథము పదునేడేండ్లకు బయటకు వచ్చెను. రెండవ ప్రపంచయుద్ధము, కాగితపు కరవు, కళాశాల పనులు అడ్డుపడినవి. అన్నిటికన్న ఎక్కువగ అడ్డుపడినది ఆయన స్వభావము. చంద్రకళలు ఒక అధ్యాయముతో మరియొక అధ్యాయమునకు పొసగలేదని తేదీలన్నియు తిరుగవ్రాసినవాడాయన. టైపిస్టునకు ఇచ్చుటకు సొమ్ములేక, అంత గ్రంథమును అటకగదిలోని మంచముపై కూర్చుండి రెండు వ్రేళ్లతో తానే టైపు చేసెను.

కథాసారము చెప్పవలెనన్న చిన్నదే. ధరించినవానికి లోకమునేలు బలమునిచ్చు ఉంగరమొకటి ఫ్రోడో అను హాబిట్‌కు సంక్రమించెను. దానిని ఉపయోగించినవాడు ఎంత మంచివాడైనను దుష్టుడగును. కావున శత్రువు రాజ్యమున నున్న అగ్నిపర్వతములోనే దానిని పారవేయవలెను. కథలలో నాయకుడు నిధిని సంపాదించుటకు పోవును. ఇతడు పోగొట్టుకొనుటకు పోవుచున్నాడు. తోడుగ వచ్చినవాడు తోటమాలి శామ్. యుద్ధకాలమున తాను చూచిన సామాన్య సిపాయిలే శామ్‌లో ప్రతిఫలించిరని, వారు తనకన్న ఎంతో గొప్పవారని టోల్కీన్ చెప్పెను. తీరా పర్వతాగ్రమును చేరినప్పుడు ఫ్రోడో ఉంగరమును విసరలేకపోయెను. అతని మనస్సు ఓడిపోయినది. దానినే వెంటాడుచు వచ్చిన గొల్లమ్ అను దీనుడు అతని వ్రేలిని కొరికి ఉంగరమును లాగికొని, ఆ సంతోషమున కాలుజారి నిప్పులో పడెను. ఆ గొల్లమ్‌ను చంపుటకు అవకాశమున్నను పూర్వము బిల్బోయు, తరువాత ఫ్రోడోయు జాలిపడి విడిచియుండిరి. గెలుపునకు కారణము ఆ జాలియే గాని నాయకుని బలము కాదు. ఇట్టి ముగింపు చేయుటకు ధైర్యము కావలెను.

గ్రంథమున లోపములు లేకపోలేదు. మొదటి వంద పుటలు మెల్లగ నడచును. స్త్రీపాత్రలు మిక్కిలి తక్కువ. నడుమనడుమ వచ్చు దీర్ఘగీతములను దాటవేయు పాఠకులు కలరు. ఇది అణుబాంబును గూర్చిన అన్యాపదేశమని కొందరనగా, అట్టిది తనకు గిట్టదని రచయిత రెండవ కూర్పు పీఠికలో ఖండించెను.

రేనర్ అన్విన్, ఒకనాటి షిల్లింగు బాలుడు, అప్పటికి పెరిగి తండ్రి సంస్థలో చేరియుండెను. ఇది మహత్తర గ్రంథమే గాని వేయి పౌనులు నష్టము రావచ్చునని తండ్రికి వ్రాసి, సమ్మతి పొంది ప్రచురణకు పూనుకొనెను. మూడు సంపుటములు 1954, 1955 సంవత్సరములలో వెలువడెను. నష్టము రాలేదు. ముద్రణకాలమున ఒక తగవు వచ్చెను. మరుగుజ్జులకు ఆంగ్లమున బహువచనము ‘డ్వార్ఫ్స్’ అని నిఘంటువు. టోల్కీన్ బుద్ధిపూర్వకముగ ‘డ్వార్వ్స్’ అని వ్రాసెను. ముద్రాపకులు తప్పనుకొని పుస్తకమంతట దిద్దివేసిరి. నిఘంటువు కార్యాలయమున పనిచేసిన పండితుడు మరల అన్నిచోట్లను తన రూపమునే పెట్టించెను. నేడు ఆ రూపము అనేక ఆంగ్ల గ్రంథములలో కనబడుచున్నది.

ఎల్ఫుల ప్రాచీనగాథలను మాత్రము ఆయన జీవితాంతము తిరుగవ్రాయుచునే యుండి ముగింపలేదు. తలుపు రంగు తప్పుపట్టిన క్రిస్టఫర్ ఆ కాగితములను పరిష్కరించి 1977లో ‘సిల్మరిలియన్’ను ప్రకటించెను. పిదప 1983 మొదలు 1996 వరకు తండ్రి చిత్తుప్రతులను పండ్రెండు సంపుటములుగ వెలువరించెను. 2017లో, తొంబదిరెండేండ్ల వయస్సున, బెరెన్, లూతియెన్‌ల కథను ప్రత్యేక గ్రంథముగ కూర్చెను. 2020లో ఆయన మరణించెను.

ఆ రెండు పేర్లును అంతకు ఎంతో పూర్వమే ఒక రాతిపై చెక్కబడియున్నవి. 1971 నవంబరులో ఎడిత్ మరణింపగా ఆక్స్‌ఫర్డులోని వుల్వర్‌కోట్ శ్మశానవాటికలో ఆమెను ఉంచిరి. సమాధి ఫలకమున ఆమె పేరు క్రింద ‘లూతియెన్’ అని వ్రాయింపవలెనని టోల్కీన్ కోరెను. 1973 సెప్టెంబరు 2న ఆయనయు మరణించెను. అదే ఫలకమున, ఆయన పేరు క్రింద, ‘బెరెన్’ అని చెక్కిరి.